విసురు మాస్టారి భుజం

మా బావని వీధిలో అందరూ విసురు మాస్టారంటారు. అతను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఒడ్డున నిలబడి సముద్రంలోకి గాలం విసిరే సరదా ఉన్నవాళ్ళకి రాడ్లు అమ్ముతాడు, అంతే. కాకపోతే అమ్మేటప్పుడు అతని గొంతు, కొనడానికొచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడే తీరు చూస్తే బెత్తం ఒక్కటే తక్కువనిపిస్తుంది.

నాది పక్క కొట్టే. కళ్ళజోళ్ళు అమ్ముతాను. బేరం లేని వేళ, అంటే చాలా వేళల్లో, వాళ్ళ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కాబట్టి నేను చెప్పేది చూసిందే గానీ విన్నది కాదు. చూసినదానికి కాస్త ఉప్పూకారం తగిలిస్తానని మా అక్క అంటుంది. బావమరిదిని, ఆ మాత్రం హక్కు లేదా?

వాళ్ళ కొట్టు సన్నగా, రైలు పెట్టెలా ఉంటుంది. లోపలికెళితే ఎడమచేతి గోడ పొడుగునా రాడ్లు నిలబెట్టి ఉంటాయి. పొట్టివి గుమ్మం దగ్గర, పొడుగువి లోపల. పధ్నాలుగడుగులవి విడిభాగాలుగానే ఉంచాలి, బిగిస్తే కప్పుకి తగులుతాయి. కుడివైపు గాజు బీరువాలో దారం చుట్టే రీళ్ళు, దాని వెనక ఎత్తు స్టూలు మీద అక్క. ఆమె ముందు ఎప్పుడూ ఒక పాత టూత్‌బ్రష్షు, సన్నమూతి నూనెసీసా, నలిగిన గుడ్డ ఉంటాయి. పెళ్ళికి ముందు బావ రేవులో బస్తాలు దింపేవాడు, ఆ భుజాలు అక్కడ వచ్చినవే. అక్క కుట్టుమిషన్లు బాగుచేసేచోట పనిచేసింది. పళ్ళచక్రం ఎక్కడ అరిగిందో చెవితో పట్టేయడం అక్కడ నేర్చింది.

రాడ్లు బావవి, రీళ్ళు అక్కవి. ఒకరి కౌంటర్లో ఒకరు వేలు పెట్టరు. ఈ ఒప్పందం ఊరికే కుదరలేదు. కొట్టు తెరిచిన కొత్తలో ఒకసారి అక్క, కొనేవాడి ముందే, "ఆ రాడ్డు ఆయనకి మరీ బిరుసేమో" అంది. బావ ఆ పూట భోజనానికి లేవలేదు. మర్నాడు బావ ఒక రీలు చేతిలోకి తీసుకుని "ఇది మరీ బరువు" అన్నాడు. అక్క ఆ పూట వంటే చెయ్యలేదు. చివరికి ఇద్దరికీ ఆకలేసి సంధి చేసుకున్నారు. అప్పట్నుంచీ రాడ్డు మాట ఆమె ఎత్తదు, రీలు మాట ఇతనెత్తడు.

కొట్టులోకి వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది పొడుగు. పక్కింటాయన పధ్నాలుగడుగుల రాడ్డుతో విసురుతుంటే చూసొస్తారు, తమకీ అదే కావాలంటారు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు. బావ వాళ్ళకేం కావాలో అడగడు. రాడ్డు అడుగుభాగాన్ని చంకలో ఇరికించుకుని చెయ్యి చాపమంటాడు. చాపిన చెయ్యి రీలు బిగించే చోటికి అందాలి. అందకపోతే ఆ రాడ్డు గోడకి వెళ్ళిపోతుంది. అందితే వీధి చివర ఒడ్డుకి నడిపిస్తాడు. అక్కడ దారానికి సీసం గుండు ఒక్కటే కట్టి, గాలం లేకుండా, ముందు తను విసురుతాడు. తర్వాత వాళ్ళ చేత ఒకసారి విసిరిస్తాడు. ఆ తర్వాత తీర్పు.

"నాకిది ఇలా పలికింది. నీ భుజం నాదాంట్లో ముప్పాతిక. ఒక అడుగు తగ్గిద్దాం."

దాని మీద అప్పీలు లేదు. ఎవరో ఒకరు గొణిగితే, "పోనీ అదే పట్టుకెళ్ళు, ఇంట్లో బూజు దులపడానికి పనికొస్తుంది" అనేవాడు. బావ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కానీ ఆ మూడుకాళ్ళ కుందేలే పరుగెత్తేదని కూడా ఒప్పుకోవాలి. అతనిచ్చిన రాడ్డు చేతికి బరువనిపించిందని వెనక్కి తెచ్చినవాణ్ణి నేను చూడలేదు.

తర్వాత రాడ్డు అక్క దగ్గరికి వస్తుంది. ఒక రీలు బిగించి, దానికి కాస్త ముందు రాడ్డు కింద ఒక వేలు పెట్టి నిలబెడుతుంది. కొస నేల చూస్తే ఇంకాస్త బరువైన రీలు, ఆకాశం చూస్తే ఇంకాస్త తేలికది. నిలకడగా ఆగితే "ఎంత చెట్టుకంత గాలి" అని గొణుక్కుంటూ దారం చుడుతుంది. రీలు అంచుకి ఒక వెంట్రుకంత తక్కువగా నింపుతుంది. నిండా నింపితే విసిరినప్పుడు చిక్కుపడుతుంది, తక్కువైతే అంచుకి రాసుకుని దూరం పోదు. ఇదంతా ఆమె ఎవరికీ చెప్పదు, చేసి ఇచ్చేస్తుంది.

మా ఒడ్డున దూరం ముఖ్యం. మొదటి కెరటం విరిగేచోట మోకాలి లోతు నీళ్ళే ఉంటాయి. రెండో కెరటం వెనక ఒక గుంట ఉంది, చేపలన్నీ అందులో తిరుగుతాయి. ఎర అక్కడ పడకపోతే పీతలకి విందు చేసినట్టే.

ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను గానీ, బావ పొట్టి రాడ్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. పదమూడు పట్టగలిగినవాడికి పదకొండు, పన్నెండు వాడికి పది. పైగా ఉపన్యాసం ఒకటి. "పొడుగులో ఏముంది? చెట్టంత మనిషికి బుద్ధి ఉందని రాసిచ్చారా ఎవరైనా?" వినడానికి బాగానే ఉండేది. వయసొచ్చి మెత్తబడ్డాడనుకున్నాను. ఒడ్డుకి తీసుకెళ్ళడం కూడా తగ్గించాడు. ఓ రోజు గాలి ఎదురుగా ఉందనేవాడు, ఓ రోజు ఎండ ఎక్కువగా ఉందనేవాడు. కొట్టులోనే మనిషిని ఎగాదిగా చూసి రాడ్డు చేతిలో పెట్టేవాడు.

అక్కకి మాత్రం లెక్క తేడా వచ్చింది. ఆమె బీరువాలో పై అర చిన్న రీళ్ళది, కింది అర పెద్దవాటిది. పై అర ఖాళీ అవుతోంది. కింది అరలో రీళ్ళని అమ్మడానికి కాక దుమ్ము తుడవడానికి తీయాల్సి వస్తోంది. రాడ్డు పొట్టిదైతే రీలూ చిన్నదే కదా. అయినా ఆమె నోరు మెదపలేదు. ఒప్పందం ఒప్పందమే.

కొట్టు సెలవు రోజున బావ తన సొంత రాడ్డు తీసుకుని ఒడ్డుకి వెళతాడు. పదమూడడుగులది, నల్లది, పట్టుకునేచోట గుడ్డ చుట్టి ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి ఎండెక్కాక వస్తాడు. వచ్చాక రాడ్డు తను కడుక్కుంటాడు, రీలు విప్పి అక్కకిస్తాడు. మంచినీళ్ళతో తడిపి, ఆరబెట్టి, విప్పి నూనె వెయ్యడం ఆమె పని. ఉప్పుగాలికి రీలు రెండు వారాలు వదిలేస్తే తిరగనని మొరాయిస్తుంది.

ఒక సెలవునాటి మర్నాడు అక్క నా కొట్టుకి వచ్చింది. సాధారణంగా రాదు, నేనే వెళతాను. రీలు నా బల్ల మీద పెట్టింది.

"చూడరా."

"నాకేం తెలుస్తుంది? అద్దాలేమైనా బిగించాలా?"

"వేళాకోళం ఆపు. దారం వాసన చూడు."

చూశాను. ఏ వాసనా లేదు. అదే చెప్పాను.

"అదేగా నేననేది," అంది అక్క. "సముద్రంలో పడ్డ దారం అయితే నీచు కొడుతుంది. పిడి కింద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. లోపల ఇసుక రేణువు ఒకటైనా ఉంటుంది. పోయిన సెలవుకి నేనేసిన నూనె వేసినట్టే ఉంది. అంతకుముందు కూడా ఇంతే. నేనే ఏదో అనుకుని ఊరుకున్నా."

"అంటే బావ ఒడ్డుకి వెళ్ళడం లేదంటావా?"

"వెళ్తున్నాడు. చెప్పుల నిండా ఇసుక తెస్తున్నాడు. విసరడం లేదు."

నాకు నవ్వొచ్చింది. రీలు శుభ్రంగా వచ్చిందని బెంగపెట్టుకున్న మనిషిని ఎక్కడైనా చూశామా? అక్క మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగితే అబద్ధం చెప్తాడు. ఇన్నేళ్ళలో నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. ఇప్పుడు నేనే ఆడించనా?"

తర్వాతి సెలవునాడు నేను ఒడ్డుకి వెళ్ళాను. గూఢచారి పని నాకు కొత్త కాదు, ఈ వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు తెలిసేది నాకే. పడవలు ఎక్కించిపెట్టే చోట, ఒక పడవ చాటున నిలబడ్డాను. ఒడ్డు పొడుగునా మనుషులు విసురుతున్నారు. బావ చివర్లో ఉన్నాడు. ఇసుకలో పాతిన గొట్టంలో రాడ్డు నిలబెట్టి, పక్కనే కూర్చున్నాడు. రాడ్డు కొస నుంచి దారం కిందికి వేలాడుతోంది. దానికి గాలం లేదు, గుండు లేదు. మిగతావాళ్ళు విసిరినప్పుడల్లా తల తిప్పి చూస్తున్నాడు. ఒకాయన విసురు బాగా దూరం పడితే తల ఊపాడు. ఎడమచేత్తో కుడి భుజాన్ని పట్టుకుని ఉన్నాడు. అలా పట్టుకున్నట్టు తనకి తెలుసో లేదో.

నేను చాలా సేపు చూడలేకపోయాను. అతని మీద జోకులు వెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, ఆ పొద్దున ఒక్కటీ నోటికి రాలేదు. బాధేసింది. వెనక్కి వచ్చేశాను.

దారిలో నడుస్తుంటే పొట్టి రాడ్ల సంగతి అర్థమైంది. బావ ఎవర్నీ మోసం చెయ్యలేదు. అతనికి తూకపురాయి తన భుజమే. పన్నెండడుగుల రాడ్డు విసిరితే ఆ భుజం అరిచేది. మొదట్లో ఆ తప్పు రాడ్డుదనుకున్నాడు. ఇది బరువు, అది బిరుసు, ఈ కొత్త సరుకు బాలేదు అని రాడ్లకే పేర్లు పెట్టాడు. భుజందని తెలిసేసరికి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఇక ఎవరి భుజంతో తూస్తాడు? మాస్టారన్న పేరు తెచ్చింది ఆ భుజమే. తూకపురాయి అరిగిపోయినా త్రాసు సమానంగానే నిలబడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. తక్కువ సరుకు ఇంటికి పట్టుకెళ్ళినవాడికే తెలుస్తుంది.

అలా పట్టుకెళ్ళినవాళ్ళలో చాలామంది మర్యాదస్తులు. చెప్పకుండా బజారు అవతల ఇంకో రాడ్ల కొట్టుకి మారిపోయారు. చెప్పింది ఒక్కతే, బస్సు నడిపే ఆవిడ.

ఆవిడ మనిషి ఎత్తరి. పెద్ద బస్సు స్టీరింగు తిప్పి తిప్పి భుజాలు తలుపు రెక్కల్లా ఉంటాయి. మూడు నెలల కిందట బావ ఆవిడకి పదడుగుల రాడ్డు ఇచ్చాడు. నేను అప్పుడే అనుకున్నాను, ఆ రాడ్డు ఆవిడ చేతిలో చెంచాలా ఉందని. ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ రాడ్డు, రీలు పట్టుకుని, యూనిఫాం మీదే కొట్టులోకి వచ్చింది.

"మాస్టారూ, ఇది నా కాళ్ళ దగ్గరే పడుతోందండి. అందరూ గుంటలోకి విసురుతుంటే నేను పీతల్ని మేపుతున్నా. మా ఆయన, ఇంట్లో బకెట్లో విసురుకో, అక్కడికైతే అందుతుంది అంటున్నాడు."

"రాడ్డులో ఏం లేదమ్మా. నువ్వు విసిరే పద్ధతిలో ఉంది," అన్నాడు బావ.

"పద్ధతి మీరు చూపించిందే కదండీ?"

"చూపించింది వేరు, నువ్వు చేసేది వేరు అయ్యుంటుంది. పద, ఒడ్డుకి పద. చూపిస్తా." బావ మొహం ఎర్రబడింది. మాట వరసకి అన్నాడో, పంతానికి అన్నాడో గానీ, అన్నాక వెనక్కి తీసుకోలేడు. ఆవిడ చేతిలోంచి రాడ్డు అందుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. కుడిచేతిలోని రాడ్డుని ఎడమచేతికి మార్చుకున్నాడు.

నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. లేచి ఏదో ఒకటి అనాలి, బావని ఆపాలి అనుకున్నాను. ఈలోగా స్టూలు జరిగిన చప్పుడైంది. అక్క బీరువా చుట్టూ తిరిగి వచ్చింది. రాడ్ల వైపుకి వచ్చింది. నాకు తెలిసి అటువైపు ఊడవడానికి తప్ప ఎప్పుడూ రాలేదు. గోడ మీంచి పదకొండు, పన్నెండు, పదమూడు తీసి చంకలో పెట్టుకుంది. బావ చేతిలోని పది కూడా లాక్కుని డ్రైవరమ్మకిచ్చింది.

"ఆవిడే విసురుతుంది," అంది.

"రాడ్లు నావి," అన్నాడు బావ, చాలా మెల్లగా.

"రాడ్లు మీవే. భుజం ఆవిడది."

బావ ఆమె మొహంలోకి చూశాడు. అక్కకి తెలిసిపోయిందని అతనికి అప్పుడే అర్థమైందనుకుంటాను. మేం నలుగురం ఒడ్డుకి నడిచాం. నా కొట్టుకి తాళం కూడా వెయ్యలేదు. అందులో దొంగిలించేవాడుంటే వాడికి ముందు చూపు పరీక్ష చెయ్యాలి.

డ్రైవరమ్మ ముందు పదడుగులది విసిరింది. ఆవిడ బలానికి రాడ్డు మొదలు దాకా వంగిపోయింది. గుండు పైకి లేచి మొదటి కెరటంలోనే పడింది. పద్ధతిలో ఏ లోపమూ లేదు, అది నాకే తెలిసింది. అక్క పదకొండుకి రీలు మార్చి ఇచ్చింది. కాస్త దూరం. పన్నెండుకి బీరువా కింది అరలో రీలు బిగించింది, వస్తూ వస్తూ కొంగులో చుట్టుకొచ్చిందట. ఈసారి గుండు చాలా సేపు కనపడలేదు. రెండో కెరటం వెనక ఎక్కడో నీళ్ళు చిమ్మాయి. ఆవిడ చిన్నపిల్లలా గెంతింది. పదమూడుతో కూడా దాదాపు అక్కడే పడింది.

బావ కదలకుండా నిలబడి చూశాడు. ప్రతి విసురుకీ అతని కుడిచెయ్యి కాస్త లేచి, మళ్ళీ పడిపోవడం నేను చూశాను.

"ఏది తీసుకోమంటారు మాస్టారూ?" అంది డ్రైవరమ్మ.

ఇది అతను తీర్పు చెప్పే చోటు. ఇన్నేళ్ళలో ఇక్కడ అతను ఒక్క క్షణం ఆలోచించింది లేదు. ఇప్పుడు సముద్రం వైపు చూశాడు.

"నాకు తెలీట్లేదమ్మా," అన్నాడు. "నన్నడక్కు. నీ భుజం ఏమంటోంది?"

ఆవిడ తన భుజం వైపు చూసుకుంది, అక్కడెవరో ఉన్నట్టు. రెండు రాడ్లూ మళ్ళీ ఒకసారి విసిరింది. "పదమూడుది ముందుకి వచ్చేటప్పుడు భుజాన్ని లాగుతోందండి. పన్నెండుది వదిలేసినట్టు వెళ్ళిపోతోంది. ఇదే బావుంది."

"అయితే అదే," అన్నాడు బావ. పదడుగులది వెనక్కి తీసుకున్నాడు. "తప్పు నాది. నీ పద్ధతి బాగుంది."

ఆవిడ ఆ కొత్త రాడ్డుతో అక్కడే ఉండిపోయింది, గుండుతోనే విసురుతూ. డ్యూటీకి ఆలస్యమైపోతుందని నేను గుర్తుచేస్తే, బస్సు నేను లేకుండా పోదులెండి అంది. అక్క ఇసుకలో కూర్చుని మిగిలిన చిన్న రీలు విప్పుతోంది. బావ ఆమె పక్కన చతికిలబడ్డాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చెవులు నావి, ఏం చెయ్యను?

అక్క తలెత్తలేదు. మర విప్పుతూనే అడిగింది.

"మరి మీదేమంటోంది?"

బావ ఎడమచేత్తో ఇసుకలో గీత గీశాడు. అబద్ధం చెబుతాడేమోనని భయపడ్డాను. అక్క చేతిలో మర తిరగడం ఆగింది.

"నొప్పంటోంది," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"వానలప్పట్నుంచి. విసిరితేనే కాదు. చొక్కా తొడుక్కున్నా నొప్పే."

అక్క ఇప్పుడు తలెత్తింది. "చొక్కా తొడుక్కునేటప్పుడు రోజూ నేనక్కడే ఉంటాగా! నాకెందుకు కనపళ్ళేదు?"

"నువ్వు వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి తొడుక్కునేవాణ్ణి," అన్నాడు బావ.